తీరపు ప్లాంక్టన్: చెరువు లెక్క సముద్రానికి సరిపోదు (అపోహలు - వాస్తవాలు)

నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో జువాలజీ, బాటనీ చదివే పిల్లలు ప్లాంక్టన్‌ను, అంటే నీళ్లలో తేలుతూ ప్రవాహంతో కొట్టుకుపోయే చిన్న జీవులను, మొదట చూసేది చెరువు నీళ్లలోనే. ఉదయ సముద్రం కట్ట మీదో, కోయిల్‌సాగర్ ఒడ్డునో బకెట్‌తో నీళ్లు తోడి, నెట్‌లో వడగట్టి, స్లైడ్ మీద బ్రాకియోనస్ (రోటిఫర్), మొయినా (క్లాడోసెరా), సైక్లాప్స్ (కోపిపాడ్) చూసి ఉంటారు. తర్వాత ప్రాజెక్టు పని మీద సూర్యలంకకో, మచిలీపట్నానికో పోయేటప్పుడు అదే నెట్, అవే సీసాలు, అదే లెక్క వెంట పట్టుకుపోతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. రిపోర్టుల్లోనూ వైవాల్లోనూ పదేపదే వినబడే మాటలు కొన్ని, వాటి అసలు సంగతి కింద చూడండి.

అపోహ: చెరువులో ఉండేవే సముద్రంలోనూ ఉంటాయి, ఉప్పు ఒక్కటే తేడా.

చెరువులో రోటిఫర్లు అనే అతి చిన్న జీవులది, నీటి ఈగలనే క్లాడోసెరాలది పెత్తనం. సముద్రంలో రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న కోపిపాడ్‌లది. తీరపు జంతు ప్లాంక్టన్‌లో చాలాసార్లు సగానికి మించి అవే ఉంటాయి: అకార్షియా, పారాకలానస్, ఆయితోనా, టెమోరా. క్లాడోసెరా మంచినీళ్లలో వందల జాతులుంటే, బయటి సముద్రంలో స్థిరపడ్డవి పదికి లోపే. మన తీరంలో పెనిలియా, ఎవాడ్నే దొరుకుతాయి. సముద్రపు శాంపిల్ జాబితాలో చెరువు క్లాడోసెరా అయిన డాఫ్నియా పేరు కనబడిందంటే పక్కనున్న చెరువు శాంపిల్‌తో సీసా తారుమారైందనో, పుస్తకంలో బొమ్మ చూసి పేరు పెట్టారనో ఎగ్జామినర్‌కు వెంటనే అనుమానం వస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. తీరంలో రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు, బార్నకిల్స్ పిల్లలు కొన్ని రోజులో వారాలో నీళ్లలో తేలి, తర్వాత అడుగుకో రాళ్లకో చేరతాయి. ఇవి కలిసే కాలంలో జాబితా ఒక్కసారిగా పెరుగుతుంది. పీత పిల్ల దశ అయిన జోయియాను గుర్తుపట్టడం తేలిక: పెద్ద కళ్లు, వీపు మీద పైకి ఒక పొడుగు ముల్లు, ముఖం దగ్గర కిందికి ఇంకొకటి. గుడ్డు నుంచి వచ్చిన తొలి పిల్ల దశ అయిన నాప్లియస్ దగ్గరే చాలామంది పొరబడతారు. బార్నకిల్ నాప్లియస్ డాలు ఆకారంలో ఉండి ముందు రెండు మూలల్లో రెండు చిన్న కొమ్ములుంటాయి. కోపిపాడ్ నాప్లియస్‌కు ఆ కొమ్ములుండవు. ఇది చూడకుండా రెండింటినీ "నాప్లియై" అని ఒకే గడిలో వేస్తే సగం సమాచారం పోయినట్టే.

అపోహ: 50 లీటర్లు వడగడితే చాలు.

చేపల చెరువుకు చాలు. సముద్రానికి ఎందుకు చాలదో లెక్క వేసి చూడండి. నెట్ నోరు 50 సెంటీమీటర్ల వ్యాసం అనుకుందాం. నోటి వైశాల్యం 0.196 చదరపు మీటర్లు. పడవ వెనక 100 మీటర్లు లాగితే సుమారు 20 ఘనపు మీటర్ల నీళ్లు వడపోతకు వస్తాయి. పట్టిందంతా 50 మి.లీ.కు తెచ్చి, అందులో 1 మి.లీ. తీసి చూస్తే 120 కోపిపాడ్‌లు వచ్చాయనుకోండి. 120ని 50తో గుణించి 20తో భాగిస్తే ఘనపు మీటరుకు 300. ఇదే నీళ్లను బకెట్‌తో 50 లీటర్లు వడగడితే మొత్తం దొరికేవి 15. ఆ 15లో అరుదైన జాతి ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. అప్పుడు "ఇక్కడ వైవిధ్యం తక్కువ" అని రాస్తే అది సముద్రం సంగతి కాదు, బకెట్ సంగతి.

పైన చెప్పిన లెక్క కూడా నెట్ మూసుకుపోనప్పుడే నిలుస్తుంది. అందుకే నెట్ నోట్లో ఎన్ని నీళ్లు పోయాయో చెప్పే ఫ్లోమీటర్ కడతారు. అది లేనప్పుడు లాగిన దూరం, నోటి వైశాల్యం కచ్చితంగా రాసుకోవాలి. వేగం సెకనుకు అర మీటరు నుంచి మీటరు మధ్య ఉంచండి. అంతకు మించితే నీళ్లు నెట్‌లోకి పోకుండా నోటి ముందే ఎగదన్ని పక్కలకు జారిపోతాయి, మెత్తటి జీవాలు నలిగిపోతాయి.

అపోహ: నెట్ ఎంత సన్నమైతే అంత మంచిది, అన్నీ పడతాయి.

వృక్ష ప్లాంక్టన్‌కు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నాల నెట్, జంతు ప్లాంక్టన్‌కు 200 మైక్రాన్ల నెట్ వాడటం మామూలు. అన్నింటికీ 20 వాడితే, ముఖ్యంగా కృష్ణ కలిసే చోట ఒండ్రు నీళ్లలో, కాసేపటికే కన్నాలు పూడుకుపోతాయి. ఆ తర్వాత లాగిన దూరమంతా వృథా. 200 ఒక్కటే వాడితే చిన్న ఆయితోనాలు, నాప్లియైలు జారిపోతాయి. ఇద్దరు వేర్వేరు నెట్లతో తెచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం అన్నింటికంటే పెద్ద తప్పు. అయినా అది రిపోర్టుల్లో కనిపిస్తూనే ఉంటుంది.

ఇక 2 మైక్రాన్ల లోపున్న పికోప్లాంక్టన్ ఏ నెట్‌కూ చిక్కదు. 1 మైక్రాన్ కూడా లేని ప్రోక్లోరోకాకస్ లాంటి కిరణజన్య జీవులు లోకానికి తెలిసింది 1980ల్లోనే. కాబట్టి వృక్ష ప్లాంక్టన్ సంఖ్య కావాలంటే నెట్ పక్కన పెట్టి, లీటరు నీళ్లు సీసాలో పట్టి, లేత టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా లూగాల్ అయోడిన్ కలపాలి. చీకట్లో 24 నుంచి 48 గంటలు కదపకుండా పేరుకోనిచ్చి, పై నీళ్లను సన్న గొట్టంతో మెల్లగా తీసేయాలి. నెట్ శాంపిల్ ఏయే జాతులున్నాయో చెప్పడానికే.

అన్నట్టు, పాత చీరను ఎన్నో మడతలు వేసి వడగడితే సుమారు 20 మైక్రాన్ల కంటే పెద్దవి ఆగుతాయని బంగ్లాదేశ్‌లో కలరా మీద పనిచేసినవాళ్లు చూపించారు. కలరా క్రిమి కోపిపాడ్‌లను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక అక్కడ అది పనికొచ్చింది. తాగే నీళ్లకు సరే, లెక్క కోసం చీర వద్దు.

అపోహ: ఫార్మలిన్ పోసి మూత పెడితే ఎన్నేళ్లయినా చెడదు.

ఫార్మలిన్ ఒక వంతు, శాంపిల్ తొమ్మిది వంతులు. ఇంతవరకు అందరికీ తెలుసు. మరిచిపోయేది పులుపును తగ్గించే బోరాక్స్. ఫార్మలిన్ నిలవుంటే పులుపెక్కుతుంది, ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల, టెరోపాడ్‌లు అనే తేలే చిన్న నత్తల సున్నపు గుల్లలు అందులో కరిగిపోతాయి. ఆరు నెలల తర్వాత సీసా తెరిచి "ఇవి లేవు" అని రాసేవాళ్లున్నారు. సీసా అడుగున కరగని బోరాక్స్ కొంచెం మిగిలేంత వేసి ఉంచిన ఫార్మలిన్‌నే వాడండి.

ప్లాంక్టన్ సీసాలో పావు వంతు దాటనివ్వొద్దు, లేకపోతే మధ్యలోవి కుళ్లుతాయి. నెట్ తీసిన కొద్ది నిమిషాల్లోనే ఫార్మలిన్ పడాలి. ఎండలో ఆలస్యమైతే బాణపు పురుగులు పక్కనున్న కోపిపాడ్‌లను తింటూనే ఉంటాయి. దువ్వెన జెల్లీలు ఫార్మలిన్‌లో ముద్దయిపోతాయి, వాటిని బతికుండగానే లెక్కపెట్టి రాసుకోవాలి. డీఎన్ఏ పరీక్షకు పంపేదుంటే ఫార్మలిన్ వద్దే వద్దు, 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. పేరు, తేదీ, చోటు, సమయం ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. బయట స్కెచ్ పెన్‌తో రాసింది హైదరాబాద్ చేరేలోపే చెరిగిపోతుంది.

లెక్కించేటప్పుడు సీసాను గుండ్రంగా తిప్పొద్దు. బరువైనవి నడిమికి చేరతాయి, పిపెట్‌లోకి అవే ఎక్కువ వస్తాయి. ఎనిమిది ఆకారంలో మెల్లగా కదిపి, వెడల్పు నోటి పిపెట్‌తో 1 మి.లీ. తీసి సెడ్జ్‌విక్ రాఫ్టర్ అనే లెక్కింపు స్లైడ్ గదిలో వేయండి. 100 లెక్కిస్తే అంకె 20 శాతం అటూఇటూ ఉంటుంది, 400 లెక్కిస్తే 10 శాతానికి దిగుతుంది. ఓపిక ఎక్కడ ఖర్చుపెట్టాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు.

అపోహ: నీళ్ల రంగు మారితే జీవవైవిధ్యం పెరిగినట్టు.

తరచూ అది తలకిందుల మాట. రంగు మారేది సాధారణంగా ఒకే జాతి విజృంభించినప్పుడు. ఎండాకాలం మొదట్లో అలలు తగ్గినప్పుడు పొట్టు చల్లినట్టు కనబడే ట్రైకోడెస్మియం, రాత్రిళ్లు మెరిసే నాక్టిల్యూకా, అలలు విరిగే చోట ఆస్టెరియోనెలాప్సిస్, ఇవన్నీ ఆ తరహావే. నాలుగు జాతులు 25 చొప్పున ఉంటే షానన్ సూచిక (వైవిధ్యాన్ని చెప్పే అంకె, ఎక్కువైతే వైవిధ్యం ఎక్కువ) 1.39. అవే నాలుగూ 97, 1, 1, 1గా ఉంటే 0.17. జాతులూ నాలుగే, మొత్తమూ వందే. ఇక ఎర్ర నీళ్లన్నీ విషమన్నదీ నిజం కాదు. నాక్టిల్యూకా విషం చేయదు. అది కూడబెట్టుకునే అమ్మోనియా, అది చచ్చి కుళ్లేటప్పుడు తగ్గే ఆక్సిజన్ చేపలను దెబ్బతీస్తాయి.

అపోహ: ఇన్ని నదులు కలుస్తాయి కనుక బంగాళాఖాతమే ఎక్కువ సారవంతం.

నది నోట్లో కొంతవరకు నిజం, మొత్తం మీద కాదు. నదుల మంచినీరు తేలికగా ఉండి పైన పొరగా పరుచుకుంటుంది. అడుగునున్న నైట్రేట్, ఫాస్ఫేట్ ఆ పొరను దాటి పైకి రాలేవు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో ఉత్పత్తి తక్కువ. పైగా మన కృష్ణ జూరాల, శ్రీశైలం, నాగార్జున సాగర్ దాటి పోయేసరికి ఒండ్రు, దానితో పాటు సిలికా, ఆ జలాశయాల్లో చాలా వరకు ఆగిపోతాయి. డయాటమ్‌లు అనే వృక్ష ప్లాంక్టన్ గుల్ల కట్టుకోవాలంటే సిలికా కావాలి, దాదాపు నైట్రోజన్‌తో సమానంగా. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట నుంచి నైట్రోజన్ వస్తుంటే, సిలికా తగ్గితే, డయాటమ్‌ల చోటు వేరేవాటికి దక్కే అవకాశం ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర శాంపిల్ తీసేవాళ్లు ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎప్పుడు ఎత్తారో తేదీలు కూడా రాసుకోవాలి.

అపోహ: ఉపగ్రహం చూస్తుంది కదా, నీళ్లు తోడటం ఎందుకు?

సముద్రాన్ని చూసే ఓషన్‌శాట్ ఉపగ్రహం సమాచారం అందుకునే ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ) కేంద్రం పాత పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్‌లోనే ఉంది. క్లోరోఫిల్, నీటి ఉష్ణోగ్రతల ఆధారంగా చేపలు దొరికే చోట్లు మత్స్యకారులకు చెప్పే సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో. వాటి పని గొప్పదే. కానీ ఉపగ్రహానికి కనిపించేది పై పొరలోని రంగు. అది స్కెలెటోనెమా అనే డయాటమ్‌దా, ట్రైకోడెస్మియందా అనేది మామూలు క్లోరోఫిల్ మ్యాపు చెప్పదు. తీరం దగ్గర ఒండ్రు నీళ్లు క్లోరోఫిల్ అంకెను పెంచి చూపిస్తాయి కూడా.

అపోహ: మన దామరచర్ల, మట్టంపల్లి సున్నపురాయి ఫొరామినిఫెరా గుల్లలతోనే ఏర్పడింది.

సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే ఆ రాయిని ప్రొటెరోజోయిక్ అనే అతి పాత భూగర్భ కాలానిదిగా లెక్కిస్తారు, అంటే గుల్ల కట్టే ఫొరామినిఫెరా పుట్టకముందుది. అందులో వాటి కోసం వెతకడం దండగ. ఫొరామినిఫెరా చూడాలంటే బీచ్‌కు వెళ్లినప్పుడు అల తాకే గీత దగ్గర పిడికెడు ఇసుక తెచ్చి, 63 మైక్రాన్ల జల్లెడ మీద మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నల్ల కాగితం మీద చల్లి స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టండి. బతికున్నవేవో తెలియాలంటే ఇసుక తీసిన వెంటనే రోజ్ బెంగాల్ అనే రంగు కలపాలి, లోపల జీవపదార్థం ఉన్నవాటికే గులాబీ రంగు పడుతుంది.