ఎలా పోయారండీ?

గోదావరి పల్లెలో పెద్దాయన పోతే, పరామర్శకు వచ్చినవాళ్లు ముందు అడిగేది ఇదే. "రాత్రి భోంచేసి పడుకున్నారండీ, తెల్లారేసరికి లేరు" అంటుంది ఇంటావిడ. ఇంట్లోనే కన్నుమూసిన చాలామంది విషయంలో మనకు దొరికే వైద్య నివేదిక అంతే.

ఆ జవాబులోంచే జబ్బును పట్టుకునే పద్ధతి పేరు వెర్బల్ అటాప్సీ. కోతలుండవు, శవంతో పనే లేదు. శిక్షణ పొందిన కార్యకర్త అరుగు మీద కూర్చుని అడుగుతారు: ఛాతీలో నొప్పి వచ్చిందా? చెమటలు పట్టాయా? మూతి వంకర పోయిందా? జ్వరం ఎన్నాళ్లు కాసింది? ఆ కాగితాలు చదివి డాక్టరు కారణం తేలుస్తారు. మాట పడిపోయి ఒక పక్క చచ్చుబడిందంటే పక్షవాతమని చెప్పడం తేలికే. నిద్రలో పోయిన ముసలాయన దగ్గరే చిక్కు.

2003 అక్టోబరు నుంచి ఏడాది పాటు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఇలా అడిగారు. మొత్తం 1,354 మరణాలు. పల్లెచావు అంటే విరేచనాలు, క్షయ అనుకునే అలవాటు మనది. తీరా చూస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలు 12 శాతంతో మూడో స్థానంలో ఉన్నాయి. వాటికన్నా ముందున్నవి గాయాలు, 13 శాతం. వాటిలో ఎక్కువ ఆత్మహత్యలు, పడిపోవడాలు. మెట్టు మీద జారి తుంటి విరిగిన మామ్మ మంచాన పడి పోతే ఊరు "వయసైపోయిందిలే" అంటుంది. లెక్కలో అది గాయమే.

అయితే శాతాలు మాయ చేస్తాయి. పసిపిల్లల చావులు తగ్గితే చాలు, ఒక్క గుండె కూడా అదనంగా ఆగకుండానే గుండెజబ్బుల వాటా పెరిగిపోతుంది. దేశం మొత్తం మీద అంటుకోని జబ్బుల వాటా 1990లో 37.9 శాతం, 2016లో 61.8. ఈ మార్పులో కేరళ ముందుంది, బీహారు వెనకుంది. కేరళలో వృద్ధులు ఎక్కువన్న సంగతి మరిచి ఈ రెంటినీ పోల్చకూడదు.

పాముకాటుకు వయసు అనే ఆ సాకు లేదు. వరి ఉన్నచోట ఎలుక, ఎలుక వెంట పాము. 2001–03 నాటి మరణాలను పరిశీలించిన జాతీయ అధ్యయనంలో పాముకాటు మరణాల రేటు అన్ని రాష్ట్రాలకన్నా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ: ఏడాదికి లక్ష మందికి 6.2. కట్లపాము రాత్రిపూట కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనబడకపోవచ్చు. తెల్లారేసరికి మనిషి ఉండడు. అందుకే "నిద్రలో పోయారు" అన్న ఇంట్లో ఇంకో ప్రశ్న అడగాలి: పడుకున్నది మంచం మీదా, నేల మీదా?