లైవ్ రాక్ దాచిపెట్టడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో మెరైన్ ట్యాంకులు, అంటే ఉప్పునీళ్ళ అక్వేరియంలు సెట్ చేసి మెయింటెనెన్స్ చూసుకునే పని నాది. ఎవరైనా ఇల్లు మారుతున్నారంటే చేపల్ని తెలిసినవాళ్ళకి ఇచ్చేస్తారు, గ్లాసు ట్యాంకు ప్యాకర్స్ వాళ్ళు తీసుకెళ్తారు, మిగిలేది లైవ్ రాక్, అంటే నీళ్ళని శుభ్రంగా ఉంచే బ్యాక్టీరియా పట్టిన పగడపు రాయి. దాంతో ఏం చేయాలో తెలీక ఎవరికి తోచింది వాళ్ళు చేసేస్తున్నారు, బ్యాక్టీరియా బాగా పట్టిన రాక్ అలా పాడైపోతుంటే నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: రాయే కదా, బకెట్లో వేసి మూత పెట్టేస్తే సరిపోతుంది.

రాయికి ప్రాణం లేదు నిజమే, అది ఎప్పుడో చచ్చిపోయిన పగడాల గూడు, అంటే కాల్షియం కార్బొనేట్. ప్రాణమంతా దాని చిల్లుల్లో ఉంటుంది. చేపలు వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా, స్పాంజ్‌లు, పురుగులు, పైన ఊదారంగులో పట్టే కోరలైన్ ఆల్గే. వీటికి ఊపిరాడాలంటే నీళ్ళు కదులుతూ ఉండాలి. కదలని నీళ్ళల్లో మూతేసి ఉంచితే ఆక్సిజన్ అయిపోయి ఒక్కొక్కటీ చచ్చి కుళ్ళడం మొదలవుతుంది, మూత తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన కొట్టిందంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్, ఆ నీళ్ళు మొత్తం పారబోయాల్సిందే.

కావాల్సింది పెద్ద సెటప్ ఏమీ కాదు. ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ము, మెరైన్ సాల్ట్ మిక్స్‌తో కలిపిన నీళ్ళు, నీళ్ళని కదిలించే ఒక వేవ్ మేకర్ పంపు, చలికాలం అయితే హీటర్. సాలినిటీ (ఉప్పుశాతం) 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల్లో 35 భాగాలు ఉప్పు, హైడ్రోమీటర్‌లో చూస్తే స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్ళ సాంద్రత) 1.025 - 1.026 మధ్య, టెంపరేచర్ 25 - 26 డిగ్రీలు. వంటింటి ఉప్పుతో కలిపితే కుదరదు, అందులో సముద్రపు నీళ్ళల్లో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉండవు. కరెంటు పోయే ఏరియా అయితే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి.

అపోహ: లైట్ లేకపోతే రాక్ చచ్చిపోతుంది.

బ్యాక్టీరియాకి లైట్‌తో పనే లేదు. చీకట్లో ఊదారంగు వెలిసిపోతుంది, తర్వాత ట్యాంకులో లైట్ కింద పెడితే మెల్లగా మళ్ళీ వస్తుంది. నన్నడిగితే చీకటే మంచిది, పచ్చ నాచు గొడవ తగ్గుతుంది.

అపోహ: చేపలు లేకపోతే బ్యాక్టీరియా రెండ్రోజుల్లో ఆకలితో పోతుంది.

అంత తొందరగా పోదు, మెల్లబడుతుందంతే. పైగా రాక్ మీద చచ్చే జీవాల నుంచే కొంత అమ్మోనియా వస్తూ ఉంటుంది. నెలలు ఉంచాలంటే అప్పుడప్పుడూ ఒక చిటికెడు చేపల మేత వేయండి చాలు.

అపోహ: డ్రమ్ములో నీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళతో నింపాలి.

ఇది మన ఎండాకాలంలో చాలామంది చేసేది. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు అందులోనే ఉండిపోతుంది, మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే సాలినిటీ పెరుగుతూనే పోతుంది. ఉప్పు కలపని ప్యూర్ నీళ్ళే పోయాలి. ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు కూడా చూసుకోండి, చాలా ప్యూరిఫైయర్లలో రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్ పెడతారు, నీళ్ళల్లో కరిగిన లవణాల్ని చూపించే టీడీఎస్ మీటర్ పెడితే సున్నా రాదు. ఆర్వో తర్వాత మిగిలిన లవణాల్ని కూడా తీసేసే డీఐ (డీఅయనైజేషన్) ఫిల్టర్ ఉంటేనే సున్నాకి వస్తుంది.

అపోహ: వేడినీళ్ళల్లో మరిగిస్తే పురుగులు, ఎయిప్టేసియా (రాక్ మీద కలుపులా పెరిగే చిన్న అనిమోన్) అన్నీ పోయి రాక్ క్లీన్ అవుతుంది.

దయచేసి ఈ పని మాత్రం చేయకండి. రాక్ మీద జోయాంథిడ్స్, పాలిథోవా లాంటి మెత్తటి పగడపు జాతి జీవాలు అంటుకుని ఉంటే వాటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు, మరిగించినంత మాత్రాన అది పోదు, ఆవిరితో పాటు గాల్లోకి వస్తుంది. దగ్గు, జ్వరం, ఊపిరాడకపోవడం, మొత్తం ఇంట్లోవాళ్ళు హాస్పిటల్ పాలవ్వచ్చు. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ట్యాంకులోని పగడాల్ని బయటికి తీసి శుభ్రం చేస్తేనే ఆ ఇంట్లోవాళ్ళతో పాటు సాయానికి వచ్చిన ఫైర్ సిబ్బంది కూడా హాస్పిటల్‌కి వెళ్ళాల్సొచ్చింది. అక్కడ మరిగించడం కూడా లేదు. గీకాల్సి వస్తే గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని నీళ్ళల్లోనే గీకండి, చేతికి గాయం ఉంటే ఆ పని వేరేవాళ్ళకి ఇవ్వండి. పిల్లలున్న వంటింట్లో రాక్ గిన్నె స్టవ్ మీదకి ఎక్కనే కూడదు.

అపోహ: ఎండబెట్టి దాచి తర్వాత నీళ్ళల్లో వేస్తే మళ్ళీ లైవ్ అయిపోతుంది.

ఎండితే అది డ్రై రాక్, మళ్ళీ మొదట్నుంచీ సైకిల్ చేయాలి, అంటే బ్యాక్టీరియా కొత్తగా పట్టేదాకా ఆగాలి. ఇంకో చిక్కు కూడా ఉంది, పాత రాక్ ఏళ్ళ తరబడి నాచుకి తిండి అయిన ఫాస్ఫేట్ పీల్చుకుని ఉంటుంది, కొత్త నీళ్ళల్లో వేయగానే వదలడం మొదలుపెడుతుంది, కొత్త ట్యాంకులో నాచు ఎందుకు తగ్గట్లేదని అడిగేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. డ్రమ్ములోనే ఫాస్ఫేట్ టెస్ట్ చేసి చూడండి.

అపోహ: వైజాగ్ బీచ్‌లో దొరికే రాళ్ళు కూడా లైవ్ రాకే.

అక్కడున్నవి ఎక్కువగా ఖొండలైట్, గట్టి రాయి, పగడపు రాయిలా లోపల చిల్లులుండవు. ఇక అండమాన్ రాక్ అని ఎవరైనా అమ్మజూపితే దూరంగా ఉండండి. 2001 నుంచి గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, సముద్రం నుంచి తీయడం నేరం. కావాలంటే చేత్తో చేసిన సిరామిక్ రాక్ తీసుకోండి, టైమ్ పడుతుంది గానీ బ్యాక్టీరియా బాగానే పడుతుంది.

షిఫ్టింగ్ రోజున ప్రయాణం కొన్ని గంటలే అయితే రాక్‌ని ఉప్పునీళ్ళల్లో తడిపిన న్యూస్ పేపర్లో చుట్టి థర్మోకోల్ బాక్స్‌లో పెట్టండి, మూసిన కవర్లో నీళ్ళల్లో ముంచి తీసుకెళ్ళడం కన్నా ఇదే మేలు. చేరాక నేరుగా చేపలున్న ట్యాంకులో వేయకుండా డ్రమ్ములోనే ఉంచి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి కొన్ని రోజులు అలాగే నిలిచాక ట్యాంకులోకి మార్చండి.