ముందే ఖర్చు అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో!

గుంటూరు కొత్తపేటలో ఓ ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. డిశ్చార్జి రోజు బిల్లు చూసి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "ముందే అడుగుదామనుకున్నామమ్మా, డాక్టరుగారు ఏమనుకుంటారోనని ఊరుకున్నాం."

అపోహ: ముందు డబ్బు సంగతి ఎత్తితే వైద్యం సరిగా చెయ్యరు.

వాస్తవం: ఫీజు ఎంతో వైద్యానికి ముందే చెప్పాలి, ఆపరేషన్ మొదలయ్యాక కాదు. ఇది 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో డాక్టర్లకు పెట్టిన నియమం. రేట్లు అందరికీ కనబడేలా స్థానిక భాషలోనూ పెట్టాలని, దేనికెంతో విడివిడిగా రాసి బిల్లు ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఖర్చు అడిగారని వైద్యం తగ్గించిన కేసు ఇన్నేళ్లలో నేనొక్కటీ చూడలేదు. అడగక అప్పులపాలైనవాళ్లను మాత్రం వారం వారం చూస్తున్నాను.

పోయిన వేసవిలో ప్రత్తిపాడు వైపు నుంచి ఒక మిర్చి రైతు వచ్చాడు. భార్యకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ప్యాకేజీ 65 వేలని ఎవరో చెప్పారు. అది జనరల్ వార్డు రేటు. ఆవిడ ఉక్కపోతకి తట్టుకోలేదని ఏసీ రూము తీసుకున్నాడు. రూము అద్దె ఒక్కటే పెరుగుతుందనుకున్నాడు పాపం. చాలా ఆసుపత్రుల్లో రూము మారితే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, నర్సింగ్ ఛార్జీలు అన్నీ మారతాయి. బిల్లు లక్ష దాటింది. జేబులోంచి ఓపీ చీటీ తీసి వెనక్కి తిప్పి చూపించాడు. 65 అని రాసి, చుట్టూ పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టుకున్నాడు. పంటేమో రేటు లేక కోల్డ్ స్టోరేజీలో ఉంది. మేనేజరుని బతిమాలి కొంత తగ్గించగలిగాను. మిగతాదానికి ఆవిడ గాజులు తాకట్టుకెళ్లాయి.

అందుకే ఎస్టిమేట్ నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకోండి. ఏ రూముకి ఆ రేటు? మందులు, ఇంప్లాంట్లు (ఒంట్లో అమర్చే స్టెంట్లు, రాడ్లలాంటివి) అందులోనే ఉన్నాయా? ఐసీయూలో పెడితే రోజుకెంత? చేరాక రోజూ సాయంత్రం అప్పటిదాకా ఎంతయిందో అడగండి. మధ్యలో కాంప్లికేషన్ వస్తే బిల్లు పెరుగుతుంది, ఆ మాట కూడా ముందే చెప్పించుకోండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉందిగా, మనకెందుకు?

వాస్తవం: చాలా పాలసీల్లో రూము అద్దె పరిమితి దాటితే డాక్టరు ఫీజులాంటి వాటిలోనూ అదే నిష్పత్తిలో కోత పెడతారు. ఆ తేడా మన జేబులోంచే పోతుంది.

అపోహ: అడ్వాన్స్ కట్టందే ఎమర్జెన్సీలో ముట్టుకోరు.

వాస్తవం: ప్రైవేటు డాక్టరైనా సరే, ముందు ప్రాణం కాపాడాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

ఇక ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద చేరితే నాసిరకం మందులు వేస్తారని ఊళ్లో ఎవరో అంటే నమ్మి, కార్డు దాచి డబ్బు కట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

డాక్టరుగారిని అడగడానికి మొహమాటమైతే బిల్లింగ్ కౌంటరుకి రండి. పొద్దున ఓపీ రద్దీ ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వస్తే కూర్చోబెట్టి లెక్క రాసిస్తాం.