నెత్తళ్లు వేపితే ముల్లు ఎందుకు కరకరలాడుతుంది?

నెత్తళ్ల పులుసులో ముల్లు ఎవరూ తీసి పారెయ్యరు, కండతో పాటే నమిలేస్తారు. కానీ ఆ ముల్లు పంటి కింద మెత్తగా వంగుతుందే తప్ప విరగదు. అదే చేపను కాగిన నూనెలో ఎర్రగా వేపితే తల నుంచి తోక దాకా అప్పడంలా ఫట్‌మంటుంది. చేప అదే, ముల్లూ అదే. తేడా అంతా లోపల మిగిలిన నీళ్లలో ఉంది.

ముల్లులో ప్రధానంగా ఉండేవి రెండు. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం దానికి గట్టిదనం ఇస్తుంది. కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు వంగే గుణం ఇస్తాయి. తడి ఉన్నంతవరకు ఆ పోగులు సాగుతాయి కాబట్టే పచ్చి చేప ముల్లు వంగుతుంది. అలాంటి ముల్లును తినేలా చెయ్యడానికి రెండు దారులున్నాయి. తడి అలాగే ఉంచి, గట్టి వేడిలో చాలాసేపు ఉడికించి కొలాజెన్‌ను కరిగించెయ్యడం ఒకటి. డబ్బాల్లో వచ్చే సార్డీన్లకు, అంటే మన కవళ్ల జాతి చేపలకు, చేసేది ఇదే. డబ్బాకు సీలు వేశాక ఒత్తిడిలో 115-120 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. అందుకే వాటిలో ముల్లు ఉన్నట్టే తెలియదు. తడిని పూర్తిగా లాగెయ్యడం రెండో దారి. ఎండిన కొలాజెన్ సాగదు, పుటుక్కున తెగుతుంది. వేపుడులో జరిగేది ఈ రెండోదే. నన్నడిగితే చిన్న చేపల వేపుడు అంటే కొన్ని నిమిషాల్లో అయిపోయే ఎండబెట్టడమే. నూనె అందుకు వేడిని మోసుకొచ్చే కూలీ మాత్రమే.

మరి పెద్ద చేపకు ఈ పని ఎందుకు కుదరదు? 8 సెంటీమీటర్ల నెత్తళ్ల చేప పక్కన అచ్చం అదే ఆకారంలో 80 సెంటీమీటర్ల చేపను ఊహించుకోండి. పొడవు 10 రెట్లు, చర్మం వైశాల్యం 100 రెట్లు, బరువు 1000 రెట్లు. అంటే గ్రాము బరువుకు లెక్కేస్తే చిన్న చేపకు పది రెట్లు ఎక్కువ చర్మం నూనెకు తగులుతుంది. పైగా, వేడి నడిమికి చేరడానికి పట్టే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది. మందం పది రెట్లయితే సమయం వంద రెట్లు. పెద్ద చేప నడిముల్లు ఎండేలోపు పైన కండ మాడి బొగ్గవుతుంది.

ఇక మూకుడులోకి చూద్దాం. చేప వెయ్యగానే బుసబుసమని లేచే బుడగలు నూనె మరగడం వల్ల వచ్చినవి కావు. నూనె 170-180 డిగ్రీల దగ్గర ఉన్నా మరగదు. మరిగేది చేపలోని నీరు. 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరై, దాదాపు 1700 రెట్లు ఉబ్బి బయటికి దూసుకొస్తుంది. తడి చేప వేస్తే మొహం మీదికి చిట్లేదీ ఈ ఉబ్బుకే. నీరు ఉన్నంతసేపు చేప లోపలి వేడి 100కి అటూ ఇటూగానే ఉంటుంది. నీరు అయిపోయిన పై పొర మాత్రమే అంతకన్నా ఎక్కువ వేడెక్కి, ఎర్రబడి కరకరలాడుతుంది. బుడగలు పలచబడి చప్పుడు తగ్గడం మొదలైందంటే ఎండాల్సిన నీరు చాలావరకు ఎండిపోయిందన్నమాట. గడియారం కన్నా చెవిని నమ్ముకోవడం మేలు.

ఇంట్లో ఎక్కువమంది దెబ్బతినేది ఒక్కసారే అన్నీ వేసెయ్యడం దగ్గర. అందుకే ఇక్కడ కాస్త లెక్క చూడాలి. అరకిలో నెత్తళ్లలో ముప్పావు వంతు, అంటే 375 గ్రాములు నీరే అనుకుందాం. అందులో సగం పోతే గాని సరైన వేపుడు రాదు. నీటిని మరిగే దాకా వేడి చెయ్యడం చిన్న పనే. మరిగిన నీటిని ఆవిరి చెయ్యడానికి అంతకు ఏడు రెట్లకు పైగా శక్తి కావాలి. మరి నూనె దగ్గర ఎంత వేడి నిల్వ ఉంది? లీటరు నూనె 180 నుంచి 120 డిగ్రీలకు పడిపోతూ ఇచ్చే వేడి మహా అయితే 50 గ్రాముల నీటిని ఆవిరి చేస్తుంది. మిగతాదంతా పొయ్యి ఇవ్వాలి. ఇంటి గ్యాస్ పొయ్యి పెద్ద మంట మీద దానికి ఆరేడు నిమిషాలు పట్టొచ్చు. ఈలోపు చేపలు వేడి తగ్గిన నూనెలో నాని, కండ ఊడి, ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. చేపలో కండను పట్టుకుని ఉంచే కొలాజెన్ తక్కువ, అదీ తక్కువ వేడికే కరిగిపోతుంది. కాబట్టి గుప్పెడు గుప్పెడు చొప్పున వెయ్యాలి.

ఉప్పు, పసుపు, కారం పట్టించి పావుగంట ఉంచితే గిన్నె అడుగున నీళ్లు ఊరతాయి. అది ఉప్పు లాగిన నీరు. దాన్ని వంపేసి, ఆ తర్వాతే బియ్యప్పిండి చల్లాలి. బియ్యప్పిండిలో గ్లూటెన్, అంటే గోధుమపిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్, ఉండదు కాబట్టి పై పొర సాగకుండా పెళుసుగా ఎండుతుంది. అమెరికాలో మనవాళ్లు నెత్తళ్లు దొరక్క తెచ్చుకునే ఫ్రోజెన్ స్మెల్ట్ చేపలకు ఈ వంపడం మరీ ముఖ్యం. గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు కణాలను చీలుస్తాయి, కరిగాక నీరు ధారగా కారుతుంది.

నూనె పీల్చుకోవడం గురించి చాలామంది అనుకునేదానికీ జరిగేదానికీ పొంతన లేదు. మూకుడులో ఉన్నంతసేపు ఆవిరి బయటికి నెడుతుంటుంది కాబట్టి నూనె పెద్దగా లోపలికి దూరదు. చేపను పైకి తీశాకే అసలు కథ. లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, ఒంటికి అంటుకున్న నూనె ఆ ఖాళీలోకి లాక్కోబడుతుంది. అందుకే చిల్లుల గరిటెను మూకుడు మీదే పట్టుకుని, వేడి వేడిగా గట్టిగా దులపాలి. తర్వాత జల్లెడలో పలచగా పరవాలి. గిన్నెలో పోసి మూత పెడితే పడ్డ కష్టమంతా ఆవిరి పాలే.

నీచు వాసన కథ వేరు. సముద్రపు చేపల్లో చేప చచ్చాక బాక్టీరియా తయారు చేసే ట్రైమిథైలమీన్ దానికి ముఖ్య కారణం. నిమ్మరసం తగిలితే అది గాలిలోకి లేవని లవణంగా మారిపోతుంది. చెరువు పరిగెల్లో వచ్చేది మట్టి వాసన. నాచు జాతి సూక్ష్మజీవులు వదిలే జియోస్మిన్ దానికి మూలం. పులుపు దాన్నీ విరిచేస్తుంది. తెలంగాణ ఇళ్లలో పరిగెలకు చింతపండు వెయ్యడం ఊరికే కాదు.

తల తుంచి లాగితే పేగు కూడా వచ్చేస్తుందని చాలామంది తల తీసేస్తారు. పేగు పోవడం మంచిదే, ఇసుక, చేదు తగ్గుతాయి. ముల్లు మాత్రం వదలకండి. ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి శాస్త్రవేత్త శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ బంగ్లాదేశ్ చిన్న చేపల మీద ఏళ్ల తరబడి పనిచేసి 2021లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. ముల్లుతో సహా తిన్న చిన్న చేపల కాల్షియం, పాల కాల్షియంలాగే ఒంటికి పడుతుందని ఆమె బృందం చూపింది. అక్కడి మోలా చేపలో విటమిన్ ఏ ఎక్కువగా కళ్లలోనూ పేగుల్లోనూ ఉంటుంది. ఆ చేపకైతే తల తీస్తే నష్టమే. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు మాత్రం నెత్తళ్లూ కవళ్లూ మితంగా తినాలి, వాటిలో ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఎక్కువ.

ఎంత వేపినా పోనిది ఒకటుంది. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. ఐసు లేకుండా ఎండలో గంటల తరబడి ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమీన్‌గా మార్చేస్తుంది. నూనె వేడికి బాక్టీరియా చస్తుంది గానీ హిస్టమీన్ చెక్కు చెదరదు. అలాంటి చేప తిన్న గంటలోపే మొహం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి పట్టుకోవచ్చు. చాలామంది దాన్ని చేపల ఎలర్జీ అనుకుని జీవితాంతం చేపలు మానేస్తారు. తప్పు చేపది కాదు, హార్బర్‌కూ మన వంటింటికీ మధ్య ఎక్కడో ఐసు తగ్గడంది. బజారులో మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి తేటగా ఉందో లేదో చూసుకోండి. తెచ్చిన వెంటనే తోమి వేపడం కుదరకపోతే నేరుగా ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.