జీనియా ఒక రాయి మీదే ఆగాలంటే

ఒడిశాలోని గంజాం జిల్లా గోపాలపూర్ ఒడ్డున ఎంత వెతికినా పగడపు దిబ్బ కనిపించదు. రుషికుల్య, మహానది, వంశధార, గోదావరి లాంటి నదులు వానాకాలంలో మోసుకొచ్చే మంచినీళ్లు, ఒండ్రుమట్టి కలిసి బంగాళాఖాతం పైపొరలో ఉప్పు తగ్గిస్తాయి, ఒడ్డు దగ్గర నీటిని మసకబారుస్తాయి. దిబ్బ కట్టే పగడానికి కావలసింది నిలకడైన ఉప్పు, తేట నీరు, ఎండ, అంటుకోవడానికి గట్టి రాయి. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లోనే ఉన్నాయి. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో కూర్చుని ప్రాణమున్న పగడాన్ని రోజూ చూడాలనుకునే తెలుగువాళ్లకి గాజు తొట్టే దారి.

అలా మొదలుపెట్టినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "తొందరగా చావనిది ఏదైనా ఉంటే చెప్పండి." వాళ్లకి వచ్చే సలహా కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్స్, మష్రూమ్, జోవాంథిడ్, కెన్యా ట్రీ అనే తేలిగ్గా పెరిగే పగడం రకాలు. కొన్ని నెలలయ్యాక అదే మనిషి "రాళ్లన్నీ కప్పేస్తోందండీ, ఏం చెయ్యమంటారు?" అని టెన్షన్ పడుతూ అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నలకీ ఉన్న సంబంధాన్ని కొనేముందే చెబితే చాలా తొట్లు బాగుపడతాయని నా నమ్మకం. చిన్న ముక్క నుంచి మళ్లీ లేవగలగడం, నీళ్లలో కరిగి ఉన్న పోషకాలతోనూ వెలుతురుతోనూ గడుపుకోవడం, చోటు దొరికితే చాలు పాకిపోవడం. ఈ గుణాలే ఆ జీవిని కొత్తవాళ్ల చేతిలో బతికిస్తాయి, ఆ గుణాలే దాన్ని ఆగనివ్వవు.

జీనియా సంగతే చూడండి. పగడం అంటే ఒక్క ప్రాణి కాదు, పాలిప్ అనే చిన్న చిన్న జీవుల గుంపు. జీనియా పాలిప్‌కి ఈకల్లాంటి ఎనిమిది చేతులుంటాయి. వాటిని గుప్పిట ముడిచి తెరిచినట్టు రాత్రీ పగలూ ఆడిస్తూనే ఉంటుంది. ఇంత శక్తి ఖర్చు పెట్టి ఎందుకలా ఆడిస్తుందన్నది చాలాకాలం అర్థం కాలేదు. ఎర్ర సముద్రంలోని జీనియా కుటుంబపు పగడం ఒకదాని మీద పనిచేసిన ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2013లో దీనికి ఒక చక్కని జవాబు ప్రచురించారు. పాలిప్ కణాల్లో శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచులు, కాపురముంటాయి. అవి ఎండలో ఆహారం తయారుచేస్తూ ఆక్సిజన్ వదులుతాయి. ఆ ఆక్సిజన్ అక్కడే పేరుకుంటే కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. చేతులాడించడం వల్ల పాత నీరు పైకి పోయి కొత్త నీరు వస్తుంది. కదలకుండా ఉన్నప్పటికంటే ఆడిస్తున్నప్పుడు ఈ క్రియ పదిరెట్ల వరకూ పెరిగిందని వాళ్లు కొలిచి చూపించారు. ఇంత బాగా వెలుతురును వాడుకునే జీవికి మనం ఖరీదైన ఎల్ఈడీ కింద చోటిచ్చి, పైగా చేపల మేత దండిగా వేస్తే అది పెరగక ఏం చేస్తుంది?

గ్రీన్ స్టార్ పాలిప్స్ తీరు వేరు. ఊదారంగు చాపలా రాయిని పట్టుకుని అంచుల నుంచి పాకుతుంది, అద్దం మీదికీ ఎక్కుతుంది. మష్రూమ్ తన పాదం నుంచి చిన్న ముక్కలు వదులుతూ జరుగుతుంది, ఆ ముక్కలే పిల్లలవుతాయి. చోటు నచ్చకపోతే రాయిని వదిలి నీళ్లలో కొట్టుకుపోయి ఇంకెక్కడో అంటుకుంటుంది. కెన్యా ట్రీ కొమ్మల కొసలు రాల్చుకుంటుంది. వీటిని వట్టి కలుపు అనుకోవద్దని కూడా చెప్పాలి. డిస్కోసోమా అనే మష్రూమ్ రకం నుంచి 1999లో రష్యన్ శాస్త్రవేత్తలు ఎర్రగా మెరిసే ప్రోటీన్ జన్యువును వేరుచేశారు. దాని నుంచి మలిచిన రకాలతో ఈరోజు ప్రయోగశాలల్లో బతికున్న కణాల లోపలి కదలికల్ని చూస్తున్నారు.

ఇక తియ్యడం మాట. తుంగ పట్టిన మడిలో నాగలి పెడితే ఏమవుతుందో గంజాం రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెగిన గడ్డ ప్రతిదీ ఇంకో మొక్క. జీనియాని తొట్టిలోపలే కత్తెరతో కత్తిరించడం సరిగ్గా అలాంటి పని. పంపు తోసిన చోటికల్లా ముక్కలు పోయి అంటుకుంటాయి. అందుకని రాయినే బయటికి తీసి, వేరే గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, ఆ పాదం కిందున్న పలచని రాతిపొరతో సహా చెక్కెయ్యాలి. రాయి కదిలే వీలు లేకపోతే పంపులన్నీ ఆపి, ఒక చేత్తో సైఫన్ గొట్టం పక్కనే పట్టుకుని, తెగిన ముక్క తెగినట్టే బకెట్లోకి లాగెయ్యాలి. స్టార్ పాలిప్స్ అయితే చాప అంచు పట్టుకుని నెమ్మదిగా ఒలిస్తే పట్టీలా లేచి వస్తుంది. అద్దం మీదిది పాత ఏటీఎం కార్డుతో గీస్తే పోతుంది.

ఇదంతా తర్వాతి శ్రమ. అసలు పని మొదటి రోజే, రాళ్లు పేర్చేటప్పుడే చెయ్యాలి. పాకే పగడాలకు విడిగా ఒక రాయి ఇవ్వండి. దాన్ని ప్రధాన రాళ్లగుట్టకు ఆనించకుండా, చుట్టూ బెత్తెడు ఇసుక వదిలి పెట్టండి. కదిలే ఇసుక మీద చాపలా పాకడం వాటికి కష్టం. వారానికోసారి ఆ ఇసుక కలియబెట్టి, ఇసుక దాటబోయే అంచుల్ని ఒలిచేస్తే చాలు. జీనియా రాయిని నీటి ప్రవాహానికి కింది వైపున పెడితే విడిపోయిన ముక్క మిగతా రాళ్ల మీదికి తక్కువగా వెళ్తుంది. నన్నడిగితే, ఈ ఒక్క జాగ్రత్త మందులన్నిటికంటే మేలు. స్టార్ పాలిప్స్‌ను వెనక అద్దానికి మాత్రమే అతికించి, పచ్చిక గోడలా పెంచేవాళ్లున్నారు. అది నాకు చాలా ఇష్టమైన పద్ధతి.

మేత తగ్గించడం, వారానికి పదో వంతు నీళ్లు మార్చడం కూడా పాకుడుని నెమ్మదింపజేస్తాయి. నీళ్లలోని పోషకాల్లో నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎమ్ (లీటరుకి మిల్లీగ్రాములు) మధ్య, ఫాస్ఫేట్ 0.1కి లోపు ఉంచుకుంటే బాగుంటుంది. రెండూ సున్నా చేసెయ్యాలని మాత్రం పట్టుబట్టకండి, మిగతా పగడాలు పస్తుంటాయి. నీళ్లు మార్చడానికి గోపాలపూర్ నుంచి సముద్రపు నీరు తెద్దామనుకునేవాళ్లు వానాకాలం తర్వాత ఒకసారి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూడాలి. తొట్టికి లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పుండాలి. ఆర్‌ఓ నీళ్లలో తయారీ ఉప్పు కలుపుకోవడమే నయం. వీటిని తినే చేపల్ని తెచ్చి వదలమనే సలహా నేనివ్వను. జీనియాని కొరికే చేప రేపు మంచి పగడాన్నీ కొరుకుతుంది.

తియ్యడానికి వీల్లేని చిన్న పిలకల మీద సున్నం పనిచేస్తుంది. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ని కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, పంపులాపి, సిరంజితో పిలక మీద పెడితే ఆ క్షారానికి అది చచ్చిపోతుంది. ఒకేసారి ఎక్కువ పెడితే తొట్టి పీహెచ్ పెరిగి చేపలకు ప్రమాదం. కాబట్టి ఒక పూటకి రెండు మూడు పిలకలు చాలు. చేతులకీ కళ్లకీ రక్షణ ఉండాలి.

జోవాంథిడ్లకి మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. 1971లో హవాయిలో పాలితోవా అనే రకం నుంచి పాలిటాక్సిన్ అనే విషాన్ని వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. కణంలో సోడియాన్ని బయటికీ పొటాషియాన్ని లోపలికీ నెట్టే పంపును అది తెరిచిన తలుపుగా మార్చేస్తుంది. విరుగుడు మందు లేదు. అన్ని జోవాంథిడ్లలోనూ ఆ విషం ఉండదు, కానీ ఏది ఎలాంటిదో రంగు చూసి చెప్పలేం. రాయిని శుభ్రం చేద్దామని మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. దయచేసి జోవాంథిడ్ రాయిని మరిగించకండి, బ్రష్‌తో తోమకండి, వేణ్నీళ్లు పోయకండి. తప్పదనుకుంటే రాయి మొత్తాన్ని తడిగా ఉండగానే, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని తీసెయ్యండి. పిల్లల్ని పక్క గదిలో ఉంచండి.

మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంజాంలో రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగిపోయిన తొట్టిలో ఆక్సిజన్ గంటల్లో పడిపోతుంది. తొట్టి నిండా జీనియా ఉంటే అది ఒక్కసారిగా కరిగి, నీళ్లన్నీ అమ్మోనియా అవుతాయి, దాంతోపాటు చేపలూ పోతాయి. బ్యాటరీ గాలిపంపు ఉండాలి, తుఫాను రోజులకి ముందే ఆ గుంపును పలచన చెయ్యాలి.

చట్టం సంగతీ తెలిసుండాలి. రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రంలోంచి ఏరి తెచ్చిన పగడపు రాయి ఎవరిచ్చినా తీసుకోవద్దు. సిరామిక్ రాయితోనే తొట్టి చక్కగా నడుస్తుంది.

తీసేసిన ముక్కల్ని "పాపం, సముద్రంలో వదిలేస్తే బతుకుతాయి కదా" అనే మంచి మనసులున్నాయి. ఆ మనసుకే ఈ మాట చెప్పాలి. ఇండో పసిఫిక్ ప్రాంతానికి చెందిన యూనోమియా అనే జీనియా బంధువు వెనెజ్వేలాలోని మోచిమా జాతీయ పార్కు తీరంలో స్థానిక పగడాల్ని కప్పేసింది. అది అక్వేరియం వ్యాపారం ద్వారానే చేరిందని పరిశోధకుల అంచనా. 2020లో అదే జాతి హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో కూడా కనబడింది. మన తీరం ఒండ్రునీటిలో అలాంటివి బతకకపోవచ్చు. అయినా గోపాలపూర్ రేవులో అలల్ని ఆపే గట్టు రాళ్లున్నాయి, ఆ ముక్కల మీద వచ్చే నాచులూ పురుగులూ ఉన్నాయి, చిల్కా ఉంది, తాబేళ్లు గుడ్లుపెట్టే రుషికుల్య మొగ ఉంది. ఆ పందెం మనం వెయ్యకూడదు. జీనియా, మష్రూమ్ ముక్కల్ని ఒక రాత్రి మంచినీళ్లలో నానబెడితే చచ్చిపోతాయి. తర్వాత కవర్లో మూటకట్టి చెత్తబండిలో వెయ్యండి. జోవాంథిడ్లని నానబెట్టకుండా, ఎండబెట్టకుండా తడిగానే రెండు కవర్లలో బిగించండి. బతికున్న ముక్క కావాలని ఎవరైనా అడిగితే ఇవ్వండి, కానీ విడి రాయి మీద పెట్టమని చెప్పి ఇవ్వండి.