పేటెంట్ మందు, పాము నూనె, మోకాళ్ల పొట్లం: అపోహలు - వాస్తవాలు

ప్రొద్దుటూరులో మందుల షాపు నడుపుతున్నాను. కౌంటర్ దగ్గర తరచూ వినబడే మాటలివి.

అపోహ: పేటెంట్ మందంటే ప్రభుత్వం పరీక్షించిన మందు.

వాస్తవం: ఇంగ్లండ్ రాజులిచ్చిన అనుమతి పత్రాల వల్ల ఆ పేరొచ్చింది. తర్వాత ఆ పేరుతో అమ్ముడైన వాటిలో చాలావాటికి అసలు పేటెంటే లేదు. పేటెంట్ తీసుకోవాలంటే లోపల ఏముందో బయటపెట్టాలి మరి! అమెరికాలో మిసెస్ విన్‌స్లో సిరప్ పోస్తే పళ్లొచ్చే పసిపిల్లలు ఏడుపు మానేవారు. అందులో ఉన్నది నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ అనే మత్తుమందు. ఆ సంగతి లేబుల్ మీద రాయాలనే చట్టం 1906లో గానీ రాలేదు.

అపోహ: పాము నూనెలో పాము ఉంటుంది.

వాస్తవం: 1893 చికాగో ప్రదర్శనలో పాము నూనె అమ్మే క్లార్క్ స్టాన్లీ జనం ముందే పాములను కోసి చూపాడు. తీరా 1916లో ప్రభుత్వం పరీక్ష చేయిస్తే తేలింది మినరల్ ఆయిల్, కొవ్వు, మిరప, టర్పెంటైన్. జరిమానా 20 డాలర్లు, అంతే! మిరపను మాత్రం తీసిపారేయలేం, మిరపకు కారమిచ్చే క్యాప్సైసిన్‌తో చేసిన క్రీములు నొప్పులకు నేనూ అమ్ముతాను.

అపోహ: నాటు పొట్లంలో ఇంగ్లీషు మందు ఉండదు.

వాస్తవం: "మూడో రోజుకే లేచి నడిచినా నాయనా" అంటూ ఒక అవ్వ మోకాళ్ల నొప్పికి వాడే పొట్లం విప్పి చూపింది. గోధుమరంగు పొడి. కంటితో చూసి ఏం చెప్పగలం, ల్యాబుకు పోవాల్సిందే. కానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి ఎక్కువైంది, ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. ఇలాంటప్పుడు మేము మొదట అనుమానించేది స్టెరాయిడ్‌నే. అది వాపును, నొప్పిని అణుస్తుంది, అరిగిన కీలును బాగుచేయదు. నెలల తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి. ఒంట్లో సొంతంగా తయారయ్యే హార్మోన్ కూడా తగ్గిపోతుంది కాబట్టి ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి పోవాలి.

అపోహ: కామెర్లకు పసరే మందు.

వాస్తవం: కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు పసరుకు పోతుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లయితే ఆ వారాలే ప్రాణం మీదికి తెస్తాయి.

షుగర్, క్యాన్సర్, పక్షవాతం నయం చేస్తామని ప్రకటించడం మన దేశంలో మందుల ప్రకటనల మీద ఉన్న 1954 చట్టం ప్రకారం నేరం. మన గోడల మీది రాతలు చూస్తే ఆ చట్టం ఉన్నట్టే అనిపించదు. ఆయుర్వేద మందైనా సరే, డబ్బా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, లోపలున్న పదార్థాల పేర్లు చూసి కొనండి.