టేస్టింగ్‌కి తెచ్చిన పాత వైన్ సీసాకి విలువ కట్టడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సీసా మీద ఎమ్మార్పీ చూసి డబ్బులిచ్చే అలవాటున్న వాళ్లకి లండన్‌లో పాత బోర్డో (ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్) టేస్టింగ్ లెక్క మొదట తికమకగా ఉంటుంది. ఒకరు తెచ్చిన సీసాని అందరూ రుచి చూసి ఖర్చు పంచుకోవాలంటే, ముందు దాని విలువ తేల్చాలి. ఇలాంటి పాత సీసాల మీద ధర ముద్రించి ఉండదు.

అపోహ: వైన్-సెర్చర్‌లో (దుకాణాల వైన్ ధరలు చూపించే వెబ్‌సైట్) కనిపించే అన్నిటికన్నా తక్కువ ధరే మార్కెట్ విలువ.

వాస్తవం: అది దుకాణం అడుగుతున్న ధర. ఆ ధరకి ఎవరో కొన్నారని కాదు. పైగా ఆ అట్టడుగు అంకె తరచుగా 375 మి.లీ. సగం సీసాదో, పన్ను కలపనిదో అయి ఉంటుంది. అదే వింటేజ్ (ద్రాక్ష కోసిన ఏడాది), అదే 750 మి.లీ., పన్నుతో సహా నాలుగైదు ధరలు రాసుకుని మధ్యలోది తీసుకోండి.

అపోహ: ఇన్ బాండ్ (సుంకం, వ్యాట్ ఇంకా కట్టకుండా గోదాములో ఉన్న) కేసు, అంటే పెట్టె, 1200 పౌండ్లయితే సీసా 100.

వాస్తవం: ముందు కేసులో 12 ఉన్నాయో 6 ఉన్నాయో చూడండి. 12 ఉంటే, 100కి ఎక్సైజ్ సుంకం కలిపి, మొత్తం మీద 20 శాతం వ్యాట్ వేయాలి. సీసా 120 దాటుతుంది.

వేలం ధరకీ ఇదే జాగ్రత్త. సుత్తి దెబ్బ 100 దగ్గర పడితే, కొన్నవాడి ప్రీమియం (వేలం సంస్థ కొన్నవాడి దగ్గర తీసుకునే రుసుము) 25 శాతం అనుకుంటే, ఆ 25 పౌండ్లు, వాటి మీద వ్యాట్ 5 పౌండ్లు కలిసి చేతికొచ్చేసరికి 130 అవుతుంది.

అపోహ: పేరు, ఏడాది ఒకటే అయితే విలువా ఒకటే.

వాస్తవం: ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సీసాని నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. 1982 బోర్డోలో వైన్ మట్టం సీసా మెడ అడుగు వరకు ఉంటే చాలా మంచిది, భుజం (మెడ కింది వంపు) పైభాగంలో ఉన్నా ఆ వయసుకి మామూలే. భుజం మధ్యకి దిగిందంటే కార్క్ వదులై గాలి చేరి ఉండొచ్చు, ధర బాగా తగ్గించాల్సిందే. బర్గండీ (ఫ్రాన్స్‌లోని మరో వైన్ ప్రాంతం) సీసాకి భుజాలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి కార్క్ అడుగు నుంచి సెంటీమీటర్లలో కొలుస్తారు. మూత రేకు కింద నుంచి జిగటగా కారిన చారలుంటే కార్క్ దాటి వైన్ బయటికి వచ్చిందన్నమాట. చాలాసార్లు ఎండ, వేడి తగిలిన సీసాలకే ఇలా అవుతుంది.

కొన్న బిల్లు, నిల్వ ఉంచిన గోదాము కాగితం అడగడం అవమానం కాదు. నకిలీ వైన్ అమ్మినందుకు రూడీ కుర్నియవాన్‌ని న్యూయార్క్ కోర్టు 2013లో దోషిగా తేల్చింది. అతని సీసాలు కొన్నవాళ్లలో ఆరితేరినవాళ్లూ ఉన్నారు.

అపోహ: పాతదైతే ఖరీదే.

వాస్తవం: బోజొలే నువో (ఫ్రాన్స్‌లో తయారయ్యే లేత వైన్) లాంటివి కొన్ని నెలల్లో తాగడానికే చేస్తారు. పదేళ్లు దాస్తే విలువ పోతుంది.

పంపకం విషయానికొస్తే, 750 మి.లీ.ని 50 మి.లీ. చొప్పున పోస్తే కాగితం మీద 15 గ్లాసులు. పాత సీసాలో మడ్డి వదిలేయాలి కాబట్టి సీసా విలువని 13తోనే భాగించండి. కార్క్ వల్ల వైన్ చెడి బూజు వాసన కొట్టిన సీసా నష్టం ఎవరు భరించాలో తెరవకముందే అనుకోండి.